‘రాయికీ ప్రాణముందంటున్నారు మావారు’

ప్రశ్న: మేము ఓరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో ఉంటాం. మావారికి 39 ఏళ్ళు, చిప్ డిజైన్‌లో ఉద్యోగం. ఆయనది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాది భార్యగా వచ్చిన హెచ్-4. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆయన తనంతట తానుగా గుడి మెట్టెక్కింది లేదు. రెండేళ్ళ క్రితం మామగారు పోతే కర్మ చేశారు గానీ తద్దినం మాత్రం పెట్టనన్నారు. ఎనిమిది వారాల క్రితం ఇక్కడ లైసెన్సున్న కేంద్రంలో సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మత్తుమందు) తీసుకున్నారు, 30 మిల్లీగ్రాములట. అప్పుడు మామగారు కనబడి భుజం మీద చెయ్యి వేశారట. అప్పట్నుంచి చెట్లకీ, వంటింటి గట్టు మీది రాయికీ కూడా చైతన్యం ఉందంటున్నారు. మాంసం మానేశారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి అరుణాచలంలో ఉండిపోదామంటున్నారు. ఈలోగా ఇంకోసారి, ఎక్కువ డోసుతో వెళ్తారట, నన్నూ రమ్మంటున్నారు. నవ్వితే నొచ్చుకుంటున్నారు, ఊరుకుంటే ఒప్పుకున్నానని అనుకుంటున్నారు. ఈయనకి మతి చలించిందా? ఆయన చూసింది నిజమేనా? నేనేం చెయ్యాలి?

జవాబు: మొదటి ప్రశ్నతోనే మొదలుపెడదాం. అది తేలకుండా మిగతా రెండూ మాట్లాడుకోవడం దండగ.

సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్ళాక సైలోసిన్‌గా మారుతుంది. అరగంట, ముప్పావుగంటలో మొదలై, రెండు గంటల దగ్గర బాగా ఎక్కి, ఆరు గంటలకల్లా దిగిపోతుంది. మర్నాటికి చెప్పుకోదగ్గంత మిగలదు. అంచేత ఇవాళ మీవారు మాట్లాడుతున్నవి మత్తులో మాటలు కావు. ఆయన దగ్గరున్నది ఒక జ్ఞాపకం, దాని మీద కట్టుకున్న కొన్ని నమ్మకాలు. నమ్మకం కొత్తగా, వింతగా ఉన్నంత మాత్రాన జబ్బు అనలేం. రాయికి పసుపు రాసి బొట్టు పెట్టే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. రాయిలో చైతన్యం ఉందన్న ఒక్క మాటకే డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే సగం జిల్లా వరసలో నిలబడాలి.

మీరు గమనించాల్సింది ఆయన మాటల కన్నా ముందు ఆయన నిద్ర. మూడు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా లేస్తున్నారా? మధ్యలో మీరు అడ్డుపడలేనంతగా మాట వేగం పెరిగిందా? కార్డు మీద అలవాటు లేని ఖర్చులు కనిపిస్తున్నాయా? టీవీలోనో, ముందు వెళ్ళే కారు నంబరు ప్లేటులోనో తనకోసమే సందేశం ఉందంటున్నారా? ఇప్పుడు, ఏ మందూ వేసుకోకుండా, నాన్నగారి గొంతు వినిపిస్తోందా? లోకానికి ఏదో చెప్పే పని తనకే అప్పగించారంటున్నారా? నిద్ర తగ్గడానికి తోడు వీటిలో ఇంకొక్కటి కలిసినా అదే వారంలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. చచ్చిపోవాలనో, నాన్న దగ్గరికి వెళ్ళిపోవాలనో అంటే వారం దాకా ఆగొద్దు, అప్పటికప్పుడు అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యండి. ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకైతే టెలీ మానస్ హెల్ప్‌లైన్, 14416. తెలుగులో మాట్లాడతారు.

ఇంకో పనుంది, కాస్త ఇబ్బందైనదే. మీ అత్తగారిని ఒకసారి మెల్లిగా కదపండి. ‘చిన్నాయన ఇల్లొదిలి వెళ్ళిపోయాడు’, ‘మేనత్తకి గాలి సోకింది’ అని మన ఇళ్ళలో చెప్పుకునే కథల వెనక స్కిజోఫ్రెనియానో బైపోలారో ఉండొచ్చు. పిల్లల సంబంధాలు చెడతాయని ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఈ మందుల మీద జరిగే పరిశోధనల్లో, దగ్గరి బంధువుల్లో ఆ జబ్బులున్నవాళ్ళని మామూలుగా చేర్చుకోరు. ఓరెగాన్ కేంద్రాల్లో కూడా గత 30 రోజుల్లో లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు) వాడినా, సైకోసిస్ (వాస్తవంతో పట్టు తప్పే స్థితి) చరిత్ర ఉన్నా సెషన్‌కి ఒప్పుకోరు. సెషన్‌కి ముందు నింపిన ఫారంలో ఆయన ఏమేం రాశారో అడిగి తెలుసుకోండి.

నిద్ర బాగుంది, ఆఫీసు పని నడుస్తోంది, ఇంట్లో మామూలుగానే ఉంటున్నారు అంటే మతి చలించలేదనే అనుకోవచ్చు. మరి ఇంత మార్పు ఎక్కణ్ణుంచి వచ్చింది?

చీకట్లో మీ ఇంటి మెట్లు దిగుతూ, ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలి ఒళ్ళు ఝల్లుమంటుంది కదా. మెదడు ముందే ఒక అంచనా వేసుకుని ఉంది, అది తప్పింది, అందుకే ఆ ఝల్లు. చూపు, వినికిడి, అన్నీ ఇలాంటి అంచనాల మీదే నడుస్తాయి. ‘నేను వేరు, ప్రపంచం వేరు’, ‘పోయినవాళ్ళు తిరిగిరారు’, ‘రాయి జడం’ అనేవి కూడా ఆ కోవలోవే. కాకపోతే ఇవి బాగా పైస్థాయివి, రోజూ వీటి మీదే నిలబడతాం గనక ఎన్నడూ తిరగేసి చూడం. సైలోసైబిన్, ఎల్ఎస్‌డీ లాంటి సైకడెలిక్‌లు మెదడులో సెరొటోనిన్ 2ఏ గ్రాహకాల (కణాల మీద రసాయన సంకేతాలని అందుకునే చోట్ల) మీద పనిచేసి, ఈ పైస్థాయి అంచనాల పట్టు సడలిస్తాయని 2019లో మెదడు పరిశోధకులు రాబిన్ కార్‌హార్ట్-హారిస్, కార్ల్ ఫ్రిస్టన్ ప్రతిపాదించారు. ఇది ఇంకా సిద్ధాంతమే, రుజువైన సంగతి కాదు. అయినా మీ ఇంట్లో జరుగుతున్నదానికి బాగానే అతుకుతుంది.

పట్టు సడలడంతో ఆగిపోతే చిక్కు లేకపోను. అదే సమయంలో ఎదురుపడిన ప్రతిదానికీ ‘ఇందులో ఏదో గొప్ప అర్థముంది’ అన్న భావం అంటుకుంటుంది. జ్యూరిక్‌లో కాట్రిన్ ప్రెల్లర్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం చూడండి. వచ్చినవాళ్ళకి పాటలు వినిపించారు: కొన్ని వాళ్ళకి ప్రాణమైనవి, కొన్ని అసలేమీ పట్టనివి. 100 మైక్రోగ్రాముల ఎల్ఎస్‌డీ ఇచ్చాక ఆ పట్టని పాటల్లో కూడా వాళ్ళకి లోతైన అర్థం కనిపించింది. అదే ఎల్ఎస్‌డీకి ముందు 40 మిల్లీగ్రాముల కెటాన్సెరిన్ ఇచ్చి 2ఏ గ్రాహకాలను మూసేస్తే ఆ లోతు రాలేదు. పాట మారలేదు, చెవి మారలేదు.

మీవారు ‘నమ్ముతున్నాను’ అనకుండా ‘నాకు తెలుసు’ అంటుంటారు, గమనించారా? ఆ తేడా ముఖ్యం. ఏదో తెలిసిపోయిందన్న ఈ భావాన్ని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902 నాటికే మార్మికానుభవానికి ఉండే నాలుగు లక్షణాల్లో ఒకటిగా గుర్తించాడు. అది ఎంత గట్టిగా ఉంటుందో, ఎంత మోసం చెయ్యగలదో చెప్పడానికి అమెరికన్ వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ 1870లో చెప్పిన సంగతి ఒక్కటి చాలు. ఈథర్ పీల్చి, సృష్టి రహస్యమంతా దొరికిందని, మత్తు దిగుతుండగానే కాగితం మీద గీకి పెట్టుకున్నాడు. తేరుకుని చూస్తే అందులో ఉన్నది: అంతటా టర్పెంటైన్ వాసన గట్టిగా వస్తోంది.

దీనికి మందే అక్కర్లేదు కూడా. ‘తేనెటీగలు మనుషుల లుఖాము గుర్తుపడతాయి’ అని ఒక వాక్యం ఇచ్చి, తారుమారైన మాటని సరిచెయ్యమన్నారనుకోండి. కాసేపు కుస్తీ పట్టి ‘ఆ, ముఖాలు!’ అని దొరకబుచ్చుకున్న క్షణంలో మనసు ఒక్కసారి వెలుగుతుంది. ఇలాంటి ప్రయోగాల్లో ఆ వెలుగు తగిలినవాళ్ళు వాక్యంలోని విషయం కూడా నిజమేనని ఎక్కువగా అన్నారు. తేనెటీగల గురించి వాళ్ళకి కొత్తగా తెలిసింది సున్నా. చిక్కుముడి విప్పిన ఆనందం వెళ్ళి పక్కనున్న మాటకి అంటుకుంది. అలాంటి వెలుగు ఆరు గంటలపాటు, దేన్ని తాకితే దానికి అంటుకుంటూ పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మీవారు ఒక్కరే ఇలా అనడం లేదన్నది కూడా తెలిస్తే మీకు కొంత కుదురు వస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో సందీప్ నాయక్, రోలండ్ గ్రిఫిత్స్ 2022లో ప్రచురించిన సర్వేలో, ఇలాంటి అనుభవంతో తమ నమ్మకం మారిందన్న 1,606 మందిని అడిగారు. మొక్కలకి చైతన్యం ఉందన్నవాళ్ళు అనుభవానికి ముందు 26 శాతం, తరవాత 61. రాళ్ళూ రప్పల లాంటి ప్రకృతిలోని జడవస్తువులకు 8 నుంచి 26. మనిషి చేసిన వస్తువులకు 3 నుంచి 15. (కోసి పాలిష్ పట్టిన వంటింటి గట్టు ఏ లెక్కలోకి వస్తుందో మరి.) 2019లో గ్రిఫిత్స్ బృందమే దేవుణ్ణి కలిసినట్టనిపించిన అనుభవాల మీద చేసిన ఇంకో సర్వేలో, సైకడెలిక్‌లు తీసుకున్నవాళ్ళలో నాస్తికులమన్నవాళ్ళు 21 శాతం నుంచి 8 శాతానికి పడిపోయారు.

ఈ అంకెలు చూసి గాభరా పడొద్దు, మురిసిపోవద్దు. మార్పు వచ్చినవాళ్ళే రండని పిలిచి, ముందు మీరేం నమ్మేవారని జ్ఞాపకం మీద అడిగితే అంకె పెద్దగానే వస్తుంది. మందు వాడబోయేవాళ్ళని ముందుగానే ఒకసారి అడిగి, తరవాత మళ్ళీ అడిగిన అధ్యయనంలో చెట్టూ పుట్టా మీద అభిప్రాయం మారింది గానీ, నాస్తికులు ఆస్తికులవడం పెద్దగా కనబడలేదు. మీవారు ఆ అరుదైన కోవలో ఉండొచ్చు. లేదా రెండేళ్ళుగా లోపల దాచుకున్న దుఃఖానికి ఇప్పుడొక భాష దొరికి ఉండొచ్చు. ఉత్తరం చదివితే రెండోదే అనిపిస్తోంది.

ఇక చూసింది నిజమేనా అన్నది. మెక్సికోలో మజటెక్ తెగవాళ్ళు ఇవే పుట్టగొడుగుల్ని తరతరాలుగా వాడింది జబ్బు ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి, నయం చెయ్యడానికి. దేవుణ్ణి వెతుక్కుంటూ రావడం 1950ల తరవాత బయటివాళ్ళు తెచ్చిన అలవాటని అక్కడి నాటు వైద్యురాలు మరియా సబీనా అనేది. 1962లో బోస్టన్ యూనివర్సిటీ మార్ష్ చాపెల్‌లో, గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్య, పరిశోధకుడు వాల్టర్ పాంకీ 20 మంది క్రైస్తవ వేదాంత విద్యార్థుల్లో 10 మందికి సైలోసైబిన్ ఇస్తే వాళ్ళకి కలిగినవి వాళ్ళ మతం రంగు పులుముకున్న అనుభవాలు. మీవారికి నాన్నగారూ, అరుణాచలమూ. పుట్టగొడుగుకి అద్వైతం రాదు, బైబిలూ రాదు. మన దగ్గరున్న సరుకునే తీసి, దాని మీద ‘ఇదే పరమ సత్యం’ అని ముద్ర వేసి మనకే ఇస్తుంది.

అలాగని, మెదడులో ఫలానా గ్రాహకం కదిలింది గనక చూసిందంతా అబద్ధమని కొట్టిపారేయడమూ తప్పే. పైథాగరస్ సిద్ధాంతం అర్థమైనప్పుడూ మెదడులో ఏదో కదిలే ఉంటుంది. ఆయనకి కలిగిన అనుభవం జరిగినదే. అది రాళ్ళ గురించి ఏం రుజువు చేస్తుందన్నది వేరే లెక్క, దానికి వేరే ఆధారం కావాలి. మీవారికి ఇప్పుడు అద్వైతం మీద గురి కుదిరింది గనక ఆ ఇంటి మాటే చెప్పొచ్చు: వచ్చి పోయే ఏ అనుభవాన్నీ, అది ఎంత గొప్పదైనా, ఆ సంప్రదాయం జ్ఞానమని ఒప్పుకోదు. తాడుని చూసి పామనుకున్నవాడికి కూడా ఆ క్షణంలో సందేహం ఉండదు.

ఈ మాటల్ని తీసుకెళ్ళి ఆయన మీద వాదనకి మాత్రం వాడకండి. వాదన మొదలైందంటే నమ్మకం బిగుసుకుంటుంది. ఇలా చెయ్యండి.

ఒక సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి, మొదటి నుంచీ చెప్పమనండి. ‘నిజంగా నమ్ముతున్నారా?’ అని అడగొద్దు. ‘నాన్న ఏ చొక్కాలో ఉన్నారు? ఏమన్నా అన్నారా? మీరు ఏమన్నారు?’ అని అడగండి. మధ్యలో ఒక్క ప్రశ్న తప్పక వెయ్యండి: నాన్న అన్న మాట ముందు ఎవరి నోటి నుంచి వచ్చింది, ఆయన నోటి నుంచా, సెషన్‌లో పక్కన కూర్చున్న ఫెసిలిటేటర్ నోటి నుంచా? ఎల్ఎస్‌డీ ప్రభావంలో ఎదుటివాళ్ళు సూచించింది మామూలుకంటే తేలిగ్గా నాటుకుంటుందని 2015లోనే ప్రయోగంలో చూశారు. అందుకే ఓరెగాన్ నిబంధనల్లో ఫెసిలిటేటర్ దారి చూపించకూడదని ఉంది. ఆ తరవాతి వారాల్లో ఆయన విన్న పాడ్‌కాస్టులు, చేరిన గ్రూపుల సంగతీ కనుక్కోండి. సెషన్‌లో చూసినదానికి అర్థం చెప్పి పెట్టినవాళ్ళు చాలావరకు అక్కడే ఉంటారు.

మర్నాడు ఒక నోట్‌బుక్ ఇచ్చి, పేజీని మూడు గళ్ళు చెయ్యమనండి. మొదటిదాంట్లో చూసినది మాత్రమే: ‘నాన్న చెయ్యి నా ఎడం భుజం మీద పడింది. వెచ్చగా ఉంది.’ రెండోదాంట్లో దాన్నుంచి తేల్చుకున్నది: ‘నాన్న ఎక్కడో ఉన్నారు.’ మూడోదాంట్లో చెయ్యాలనుకుంటున్నది: ‘ఉద్యోగం మానేసి అరుణాచలం వెళ్ళాలి.’ ఇంజనీరు గనక గళ్ళంటే ఆయనకి ఇష్టంగానే ఉంటుంది. మొదటి గడి నుంచి రెండోదానికి, రెండో గడి నుంచి మూడోదానికి దాటేటప్పుడు మధ్యలో ‘కాబట్టి’ ఎక్కడొచ్చిందో ఆయన్నే వెతకమనండి. నాన్న ఎక్కడో ఉన్నారంటే చిప్ డిజైన్ ఎందుకు మానాలి? ఈ ప్రశ్న మీరు అడగక్కర్లేదు, పేజీయే అడుగుతుంది. నెలకోసారి అదే పేజీ తీసి, మారినవి వేరే రంగు పెన్నుతో దిద్దమనండి.

మొదటి రెండు గళ్ళనీ మీరు ముట్టుకోవద్దు. మొక్కలతో మాట్లాడితే మీకొచ్చిన నష్టం లేదు. మాంసం మానితే బీ12 ఒకసారి పరీక్ష చేయిస్తే సరి. మీ పని మూడో గడితోనే.

ఇందులో తొందరపాటు ఎందుకు చెడ్డదో మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పారు, మూడూ నిలవనివే. దీన్ని నాలుగోదిగా చేర్చుకోవచ్చు. సెషన్ తరవాత ఉండే తేలికదనం రెండు వారాల నుంచి నెల దాకా ఉంటుందని పాంకీయే గమనించాడు. అది తగ్గాక మిగిలేదేమిటో చూడ్డానికి, సెషన్ రోజు నుంచి లెక్కేసి కనీసం ఆరు నెలలు రాజీనామా, ఇల్లమ్మడం, విరాళాలు, 401కే (రిటైర్మెంట్ పొదుపు) డబ్బు తియ్యడం, ఈ నాలుగూ వద్దని మాట తీసుకోండి. 59½ ఏళ్ళ లోపు 401కే తీస్తే పన్ను కాక మామూలుగా 10 శాతం జరిమానా. హెచ్-1బీ మీద ఉద్యోగం వదిలితే ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండటానికిచ్చిన గడువు) అంతకంటే ముందే అయిపోతే అంతవరకే. మీ హెచ్-4 ఆయన వీసాకే ముడిపడి ఉంది. అంటే ఆ రాజీనామా ఆయన ఒక్కరిదీ కాదు, మీదీనూ. ఆ సంగతి ఆయనకి సూటిగానే చెప్పండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

అరుణాచలం వద్దనకండి. మూడు వారాలు సెలవు పెట్టి ఇద్దరూ వెళ్ళండి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చెయ్యండి, అక్కడి మామూలు రోజు ఎలా ఉంటుందో, ఎండ ఎలా ఉంటుందో ఆయన్ని చూడనివ్వండి. కానీ టికెట్లు కొనేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. ఇది చాలామంది మనవాళ్ళు మరిచిపోయే సంగతి: ఓరెగాన్ రాష్ట్రం 2020లో ఓటు వేసి లైసెన్సులిచ్చినా, ఫెడరల్ చట్టంలో సైలోసైబిన్ ఇప్పటికీ షెడ్యూల్ 1 పదార్థమే, అంటే అన్నిటికన్నా కఠినంగా నిషేధించిన వర్గం. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160 ఫారంలో, నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న ఉంది. గ్రీన్‌కార్డు మెడికల్‌లోనూ మత్తుపదార్థాల గురించి అడుగుతారు. పౌరులు కానివాళ్ళకి శిక్ష పడకపోయినా, ఒప్పుకోవడమే ఇబ్బంది తెచ్చిపెట్టొచ్చు. అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. అందుకే లాయరు. అప్పటిదాకా ఫేస్‌బుక్‌లో, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ అనుభవం గురించి ఒక్క ముక్క రాయొద్దని చెప్పండి. ఇండియాలోనూ సైలోసైబిన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది.

రెండోసారి, ఎక్కువ డోసు అన్నదానికి మా సలహా: ఇప్పుడు వద్దు. ఆయన తీసుకున్న 30 మిల్లీగ్రాములు చిన్నది కాదు. 2006 నాటి హాప్కిన్స్ ప్రయోగంలో 70 కిలోల మనిషికి పెద్ద డోసుగా ఇచ్చింది అంతే. ఓరెగాన్‌లో ఒక సెషన్‌కి పరిమితి 50. ఆ ప్రయోగంలో ముందుగా వడపోసి, రోజుల తరబడి సిద్ధం చేసిన 36 మందిలో 11 మందికి తీవ్రమైన భయం కలిగింది. మార్ష్ చాపెల్‌లో ఒక విద్యార్థి అయితే ప్రసంగంలో విన్న మాటని తనకే ఇచ్చిన ఆజ్ఞగా తీసుకుని వీధిలోకి పరుగెత్తాడు, పట్టుకొచ్చి నెమ్మదించడానికి థోరజైన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. పాంకీ ఆ సంగతి రాయలేదు, పాతికేళ్ళ తరవాత రిక్ డాబ్లిన్ అనే పరిశోధకుడు తవ్వి తీశాడు. మొదటిసారి చూసినదాన్నే ఇంకా సర్దుకోని మనిషి మళ్ళీ వెళ్తే, పాత నమ్మకం పరీక్షకి నిలబడక్కర్లేకుండా దాని మీద ఇంకో ముద్ర పడుతుంది. ఆ డబ్బుతో ముందు ఇంటిగ్రేషన్ సెషన్లకి, అంటే జరిగిన అనుభవాన్ని మాట్లాడి సర్దుకునే సెషన్లకి, వెళ్ళమనండి. ఓరెగాన్‌లో అవి క్లయింటు ఇష్టం, తప్పనిసరి కాదు, అందుకే చాలామంది ఎగ్గొడతారు. ఆత్మల గురించి తనకంటూ గట్టి అభిప్రాయాలున్న ఫెసిలిటేటర్ కన్నా, దుఃఖం మీద పనిచేసే థెరపిస్టు అయితే మరీ మంచిది.

మిమ్మల్ని రమ్మనడానికి జవాబు ‘నాకు వద్దు’. కారణాలు చెప్పక్కర్లేదు. మొగుడి బలవంతం మీద, భయంతో వెళ్ళి తీసుకుంటే ఆ ఆరు గంటలూ ఎలా గడుస్తాయో పైన చెప్పిన లెక్కలు చూస్తే తెలుస్తుంది.

ఇంకొక్కటి. మామగారి తిథి ఎప్పుడో అత్తగారిని అడిగి, ఈ ఏడు తద్దినం పెడతారా అని ఆయన్నే అడగండి. పెట్టమని చెప్పొద్దు, అడగండి అంతే. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల గుళ్ళలో పురోహితులు దొరుకుతారు. పెడతానంటే వంట మీరొక్కరే నెత్తినేసుకోకుండా గారెల పప్పు ఆయన చేతే రుబ్బించండి.